ఆటలమ్మ మళ్లీ వస్తుందా?

మన ఆశ్రమ పాఠశాలల్లో ఎండలు ముదిరే ముందు ఎవరో ఒక పిల్లవాడి వీపు మీద నీటి పొక్కులు కనబడతాయి. మధ్యాహ్నానికల్లా ఆ మాట హాస్టలంతా పాకుతుంది. అప్పుడు వార్డెన్ గానీ టీచరు గానీ వేసే మొదటి ప్రశ్న మందు గురించి కాదు. "మీలో ఆటలమ్మ వచ్చిపోయిన వాళ్లెవరు?" అని. చేతులెత్తిన పిల్లలను ఒక పక్కన నిలబెడతారు. పొక్కులొచ్చిన వాడికి జావ అందించేది, నీళ్లిచ్చేది, తోడు పడుకునేది ఇక వాళ్లే. ఒకసారి వచ్చిన వాళ్లకు మళ్లీ రాదని లెక్క.

ఈ లెక్క మన పెద్దల దగ్గర నుంచి వచ్చింది. చాలావరకు సరైన లెక్కే. కానీ "చాలావరకు" అన్న మాటలో పిల్లల ప్రాణాలకు సంబంధించిన సంగతులు కొన్ని దాగి ఉన్నాయి. చెయ్యెత్తిన పిల్లవాడికి నాలుగేళ్ల కిందట వచ్చింది ఆటలమ్మేనని ఎవరు చూసి చెప్పారు? తట్టు కావచ్చు. వేసవి పొక్కులు కావచ్చు, గజ్జి కావచ్చు. వాళ్లమ్మ "అమ్మవారు పోసింది" అని ఉంటుంది, వాడు అదే గుర్తు పెట్టుకుని ఉంటాడు. అందుకని ఈ ప్రశ్న ఎక్కడ మొదలైందో, ఎలా తేలుతూ వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం.

ముందు పేర్ల సంగతి. మన తెలుగు పల్లెల్లోనూ గూడేల్లోనూ ఒళ్లంతా పొక్కులు పోసే జ్వరాలన్నిటికీ అమ్మవారి పేరే. మశూచిని పెద్దమ్మవారు అన్నారు, స్ఫోటకం అన్నారు. ఆటలమ్మను చిన్నమ్మవారు అన్నారు. తట్టును పొంగు అన్న చోట్లున్నాయి. కోయ గూడేల్లో ముత్యాలమ్మ కొలువు మనకు తెలుసు. పొక్కును పుండు అనకుండా ముత్యం అన్నారు మన వాళ్లు. ఆ మాటలో భయం ఉంది, మర్యాద ఉంది, రోగిని అసహ్యించుకోకూడదన్న నేర్పు కూడా ఉంది. గుమ్మానికి వేపమండలు కట్టడం, కొత్తవాళ్లను ఇంట్లోకి రానివ్వకపోవడం, పొక్కులు మాడాక వేపాకు, పసుపు వేసిన నీళ్లు పోయడం, ఇవన్నీ మూఢనమ్మకాలని ఒక్క మాటలో కొట్టిపారేసే వాళ్లతో మేము ఏకీభవించం. వేపమండ కట్టిన ఇంటికి ఎవరూ పోరు. అంటురోగానికి అంతకన్నా ముందుగా చేయవలసిన పని ఇంకొకటి లేదు.

అయితే పెద్ద, చిన్న అని వేరు చేసినా, పేరులో "అమ్మవారు" ఒక్కటే కావడం వల్ల చిక్కు వచ్చింది. చిన్నమ్మవారు వచ్చిపోతే పెద్దమ్మవారు రాదనుకున్న వాళ్లుంటారు. నిజానికి ఈ రెండింటికీ చుట్టరికం లేదు. మశూచి వైరస్ వేరే కుటుంబానిది, ఆటలమ్మ వైరస్ వేరే కుటుంబానిది. ఒకదాని నుంచి కోలుకున్న ఒళ్లు రెండోదాన్ని ఆపలేదు.

ఈ తికమక మనకొక్కరికే కాదు. మన వాళ్లకు చదువు లేక అలా అనుకున్నారని పాఠాల్లో చెప్పేవాళ్ల కోసం ఇంగ్లండు సంగతి చెబుతాం. విలియం హెబర్డెన్ అనే లండన్ డాక్టరు 1767లో అక్కడి వైద్యుల సభ ముందు ఆటలమ్మ మీద ఒక వ్యాసం చదివాడు. ఆటలమ్మ వచ్చిన వాళ్లు తమకు మశూచి వచ్చి పోయిందని పొరబడి, ఇక భయం లేదని మశూచి రోగుల దగ్గరకు వెళ్లే ప్రమాదం ఉందన్నది ఆయన ఆందోళన. అందుకే రెండింటికీ తేడా విడమరిచి రాశాడు. ఇంకో పని కూడా చేశాడు. ఒక దారప్పోగును ఆటలమ్మ పొక్కులోని చీములాంటి రసంలో తడిపి, అంతకు ముందే ఆటలమ్మ వచ్చిపోయిన ఒక మనిషి చేతి మీద చిన్న గాటు పెట్టి, దాని మీద కట్టాడు. ఏమీ కాలేదు. గాటు మామూలుగా మానిపోయింది. మళ్లీ వస్తుందా అన్న ప్రశ్నకు ఒక దారప్పోగుతో వెతికిన జవాబు అది. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షతో లోకానికంతా సూత్రం రాయలేం గానీ, ప్రశ్నను చేతితో పరీక్షించి చూడాలన్న బుద్ధి మెచ్చుకోదగ్గది.

హెబర్డెన్ అంత స్పష్టంగా చెప్పినా గొడవ తీరలేదు. ఆ తర్వాత నూరేళ్లకు కూడా వియన్నాలో హెబ్రా అనే పేరుమోసిన చర్మవైద్యుడు రెండూ ఒకే జబ్బు రూపాలని వాదించాడు. యూరప్ పండితులే అంతగా కొట్టుకున్న విషయంలో మన అవ్వలు రెండింటికీ పెద్ద, చిన్న అని వేరు పేర్లు పెట్టుకుని ఉన్నారంటే వాళ్ల చూపును తక్కువ చేయలేం.

ఒకసారి వచ్చిన అంటురోగం మళ్లీ రాదన్న మాట అంతకన్నా చాలా పాతది. క్రీస్తుపూర్వం 430లో గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరంలో పెద్ద మహమ్మారి లేచింది. ఆ రోగం పడి లేచిన థ్యుసిడిడీస్ దాని చరిత్ర రాశాడు. బతికి బయటపడ్డ వాళ్లే రోగులకు దగ్గరుండి సాయం చేశారని, వాళ్లను అది రెండోసారి పట్టలేదని, పట్టినా ప్రాణం తీయలేదని రాశాడు. మన వార్డెన్ లెక్కకూ ఆ లెక్కకూ తేడా లేదు.

ఆ లెక్క ఎన్నేళ్లు నిలుస్తుందో చూపించింది ఫారో దీవులు. అట్లాంటిక్ సముద్రం మధ్య ఉన్న ఆ దీవులకు 1781లో తట్టు వచ్చింది. తర్వాత 65 ఏళ్లు దాని జాడ లేదు. 1846లో ఓడ మీద మళ్లీ దిగింది. దీవుల్లో ఉన్న 7,782 మందిలో సుమారు 6,000 మంది పడకేశారు. పానుమ్ అనే డెన్మార్క్ యువ డాక్టరు ఊరూరా తిరిగి విచారించాడు. 1781లో చిన్నపిల్లలుగా ఉండి తట్టు పడి లేచిన ముసలివాళ్లు ఇంకా చాలామంది బతికి ఉన్నారు. వాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదు. మాకు ఇందులో నచ్చినది ఇంకొకటి ఉంది. ఆయనకు ఆసుపత్రి రికార్డులు లేవు. ఏ ఇంట్లో ఎవరికి ముందు వచ్చింది, ఆ వారం ఎవరు ఎవరింటికి వెళ్లారు అన్నది ఊరి పెద్దల జ్ఞాపకమే ఆయనకు పుస్తకం. గూడేలలో పుట్టిన మనకు ఆ పుస్తకం ఇంకా అందుబాటులోనే ఉంది.

ఇక మశూచికి టీకా కథ. జెన్నర్ 1796లో ఆవు మశూచి రసంతో టీకా వేశాడు. అది బస్రా మీదుగా చేతి నుంచి చేతికి దాటుకుంటూ మన దేశం చేరి, 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు పట్టింది. ఆ పాప చేతి పొక్కు రసమే దేశమంతా వేసిన తొలి టీకాలకు మూలం. అంతకు ముందు బెంగాల్ వైపు టీకాదారులు మశూచి రసాన్నే చర్మంలో ఎక్కించి, తేలిక జబ్బు తెప్పించి, పెద్ద జబ్బును ఆపేవాళ్లు. ఒకసారి వస్తే మళ్లీ రాదన్న సూత్రం మీదే ఆ పని సాగేది.

ఆటలమ్మకూ మశూచికీ తేడా తెలియడం ప్రభుత్వానికే అత్యవసరమైన రోజు ఒకటి వచ్చింది. 1974లో మన దేశంలో 1,88,003 మశూచి కేసులు, 31,262 మరణాలు లెక్కకు వచ్చాయి. అందులో ఎక్కువ బీహార్‌లో. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పటికే బాగా తగ్గిపోయింది. ఆరోగ్య కార్యకర్తలు చేతిలో మశూచి పిల్లవాడి బొమ్మ కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "ఇలాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగారు. కేసు చూపించిన వారికి బహుమానం ప్రకటించారు. కేసులు తగ్గేకొద్దీ బహుమానం పెరిగి చివరికి 1,000 రూపాయలకు చేరింది. అప్పట్లో అది చిన్న డబ్బు కాదు. సహజంగానే, జనం చూపించిన వాటిలో ఆటలమ్మ కేసులు బోలెడు. ప్రతిదాన్నీ వెళ్లి చూసి ఇది మశూచి కాదని తేల్చాల్సి వచ్చింది.

ఎలా తేల్చేవాళ్లంటే, మశూచిలో రెండు మూడు రోజులు గట్టి జ్వరం కాసి ఆ తర్వాత పొక్కులు లేస్తాయి. ముఖం మీద, చేతుల మీద, కాళ్ల మీద ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఉంటాయి. ఒక చోట ఉన్నవన్నీ ఒకే ఈడువి, లోతుగా, గట్టిగా తగులుతాయి. ఆటలమ్మలో పొక్కులు ఛాతీ మీద, వీపు మీద ఎక్కువ. పైపైన ఉంటాయి, నీటి బొట్టులా పలచగా. అవి ఒక్కసారిగా రావు, విడతలు విడతలుగా వస్తాయి. అందుకే ఒకే పిల్లవాడి వీపు మీద ఎర్రమచ్చ, నీటి పొక్కు, మాడిన చెక్కు మూడూ పక్కపక్కనే కనిపిస్తాయి. అరచేతుల్లో అరుదు. ఈ గుర్తులు టీచర్లకు ఈ రోజు కూడా పనికొస్తాయి, మశూచి కోసం కాదు, ఆటలమ్మను మిగతా పొక్కుల నుంచి వేరు చేయడానికి.

మన గడ్డ మీద పుట్టిన చివరి మశూచి 1975 మే నెలలో బీహార్‌లో కనబడింది. అదే నెల అస్సాంలో, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక స్త్రీకి కనబడినదే దేశంలో ఆఖరుది. 1977 ఏప్రిల్‌లో దేశం మశూచి విముక్తమైందని నిర్ధారణ చేశారు. 1980 మే 8న ప్రపంచమంతటికీ ఆ మాట చెప్పారు. పెద్దమ్మవారు పోయింది. చిన్నమ్మవారు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదన్న దానిలోనే మన ప్రశ్నకు అసలు జవాబు ఉంది.

మశూచి మనిషి ఒంట్లో నుంచి పూర్తిగా వెళ్లిపోయే జబ్బు. ఆటలమ్మ వెళ్లదు. పొక్కులు మాడి, చెక్కులు రాలి, తలంటు పోసుకున్నాక కూడా ఆ వైరస్ వెన్నుపూస పక్కన నరాల ముడుల్లో చేరి నిద్రపోతుంది. యాభై, అరవై ఏళ్లకు, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, ఒక నరం వెంట కిందికి దిగుతుంది. నడుముకో, పక్కటెముకలకో, ముఖానికో ఒకవైపు మాత్రమే పట్టీ కట్టినట్టు పొక్కులు, నిప్పు పెట్టినట్టు మంట. దాన్నే మనం సర్పి అంటాం. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు, షింగిల్స్ అంటారు.

ఈ రెండూ ఒకటేనని తెలియడానికి చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దం చివర్లో బుడాపెస్ట్‌లో బోకాయ్ అనే పిల్లల డాక్టరు ఒక సంగతి గమనించాడు. ఇంట్లో పెద్దవాళ్లకు సర్పి లేచిన కొన్నాళ్లకు ఆ ఇంటి పిల్లలకు ఆటలమ్మ వస్తోంది. 1925లో కుండ్రాటిట్జ్ అనే డాక్టరు సర్పి పొక్కు రసాన్ని ఆటలమ్మ రాని పిల్లలకు ఎక్కించాడు. వాళ్లకు ఆటలమ్మలాంటి పొక్కులు లేచాయి. వచ్చిపోయిన పిల్లలకు లేవలేదు. సైన్సు ముందుకు పోయిన మాట నిజమే. ఆ పిల్లలను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న కూడా మనం పక్కన రాసుకోవాలి. ఆ తర్వాత 1950లలో అమెరికాలో థామస్ వెల్లర్ ఈ వైరస్‌ను గాజు గొట్టాల్లో కణాల మీద పెంచి, ఆటలమ్మ నుంచి తీసినదీ సర్పి నుంచి తీసినదీ ఒకటేనని చూపించాడు.

అయితే ఈ కథలో మాకు అన్నిటికన్నా దగ్గరగా తోచిన మనిషి హోప్ సింప్సన్. ఈయన పెద్ద ఆసుపత్రి డాక్టరు కాదు. ఇంగ్లండులో సైరన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ఇళ్లకు తిరిగి వైద్యం చేసే మామూలు డాక్టరు. తన దగ్గరకు వచ్చే సుమారు 3,500 మందిలో ఎవరికి సర్పి వచ్చినా 16 ఏళ్ల పాటు రాసి పెట్టుకున్నాడు. 192 కేసులు. మధ్యలో, 1950లలో, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో యెల్ అనే దీవికి వెళ్లి విచారించాడు. అక్కడ ఇళ్లు దూరదూరంగా ఉంటాయి, బయటి రాకపోకలు తక్కువ. ఎవరింట్లో ఎప్పుడు ఏ జబ్బో అందరికీ గుర్తే. అలాంటి చోట బయటి నుంచి ఎవరూ తేకుండానే ఆటలమ్మ లేచిందంటే, అది ముసలివాళ్ల సర్పి నుంచి లేచిందని ఆయనకు అర్థమైంది. 1965లో తన లెక్కలన్నీ పెట్టి, వైరస్ నరాల్లో నిద్రపోయి మేల్కొంటుందని, ఒంటి రక్షణ తగ్గినప్పుడు బయటపడుతుందని రాశాడు.

ఇది మన కొండ గూడేలకు అద్దం పట్టినట్టు ఉంటుంది. తట్టు, మశూచి లాంటివి చిన్న గూడెంలోకి వస్తే అందరినీ తాకి, తాకడానికి ఇంకెవరూ మిగలక ఆరిపోతాయి. మళ్లీ బయటి నుంచి ఎవరో తేవాలి. ఆటలమ్మకు ఆ అవసరం లేదు. ముప్పై గడపల గూడెంలో అయినా తాత నరంలో దాక్కుని, తాతకు సర్పి లేచిన రోజు ఒడిలో ఉన్న మనవడికి ఆటలమ్మగా అంటుకోగలదు. సంతకు ఎవరూ పోలేదు, ఊరికి ఎవరూ రాలేదు, మరి పిల్లవాడికి ఎలా వచ్చిందని పెద్దలు ఆశ్చర్యపోయి తల్లి ఆగ్రహం అనుకోవడంలో వింత లేదు. ఒకటి గుర్తుంచుకోవాలి. సర్పి ఉన్న వాళ్ల నుంచి పక్కవాళ్లకు సర్పి అంటదు. ఆటలమ్మ రాని వాళ్లకు ఆటలమ్మ అంటుతుంది.

కాబట్టి రెండోసారి వస్తుందా అంటే, ఎక్కువమందికి రెండోసారి వచ్చేది ఆటలమ్మ వేషంలో కాదు, సర్పి వేషంలో.

మరి ఆటలమ్మగానే రెండుసార్లు రాదా? వస్తుంది, తక్కువమందికి. ఏడాది నిండకుండా మొదటిసారి వచ్చిన పిల్లలకు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉంటుంది. ఆ రక్షణ వల్ల జబ్బు తేలికగా పోతుంది, కానీ ఒళ్లు ఆ వైరస్‌ను గట్టిగా గుర్తు పెట్టుకోదు. నాలుగు పొక్కులతో తేలిపోయిన వాళ్లకూ అంతే. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వాళ్లకు, క్యాన్సర్ మందులు వాడే పిల్లలకు రెండోసారి వచ్చే అవకాశం ఉంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఒక ప్రాంతంలో కేసులన్నీ నమోదు చేసినప్పుడు, ఇది వరకే ఆటలమ్మ వచ్చిందని చెప్పిన వాళ్లు 1995లో 4.5 శాతం, 1999లో 13.3 శాతం ఉన్నారు. ఈ అంకెలు చూసి బెదిరిపోనక్కర్లేదు. ఇవి ఇంటివాళ్లు చెప్పిన మాట మీద వేసిన లెక్కలు. మొదటిసారి వచ్చినది ఆటలమ్మేనా అని రక్తపరీక్ష చేసి తేల్చినవి కావు. మన హాస్టల్లో చెయ్యెత్తిన పిల్లవాడి జ్ఞాపకం లాంటివే. కానీ "ఎప్పటికీ రాదు" అని ఒట్టు పెట్టడానికి వీల్లేదని చెప్పడానికి అవి చాలు.

టీకా వేసిన పిల్లలకూ అప్పుడప్పుడు వస్తుంది. ఈ టీకా జపాన్‌లో పుట్టింది. మిచియాకి తకహాషి అనే వైద్యుడి కొడుకు ఆటలమ్మతో బాగా బాధపడ్డాడు. ఆ తండ్రి ఓకా అనే ఇంటిపేరు గల పిల్లవాడి పొక్కు నుంచి తీసిన వైరస్‌ను బలహీనపరిచి, 1974లో టీకా ఫలితాలు ప్రకటించాడు. నేటికీ ఆ ఓకా రకంతోనే టీకాలు తయారవుతున్నాయి. ఒక డోసు వేసిన పిల్లల్లో కొందరికి తేలికపాటి జబ్బు వస్తోందని చూసి అమెరికాలో 2006 నుంచి రెండు డోసులు చేశారు. టీకా వేసుకున్నాక వచ్చినా సాధారణంగా 50 పొక్కుల లోపే. టీకా లేని పిల్లలకు 250 నుంచి 500 దాకా ఉంటాయి. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం దీన్ని సిఫార్సు చేస్తుంది గానీ, ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అంటే పట్నంలో ఉద్యోగస్తుల పిల్లలకు ఉంటుంది, పోడు చేసుకునే వాళ్ల పిల్లలకు ఉండదు. ఒక్కో గదిలో పదుల సంఖ్యలో పిల్లలు పడుకునే మన హాస్టళ్లకు అది ముందు రావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదని మా అభిప్రాయం.

ఇంకొక సంగతి. వేడి దేశాల్లో చల్లటి దేశాల కన్నా ఆటలమ్మ పెద్ద వయసులో వస్తుంది. దూరదూరంగా ఉన్న గూడేల్లో పెరిగి, పదిహేనో ఏటనో ఇరవయ్యో ఏటనో కాలేజీ హాస్టలుకు వచ్చేవాళ్లలో అది రానివాళ్లు చాలామంది ఉండవచ్చు. పెద్దవాళ్లకు వస్తే ఊపిరితిత్తులకు ఎక్కే భయం ఎక్కువ. గర్భిణులకు, అప్పుడే పుట్టిన పసికందులకు మరీ ప్రమాదం. కాబట్టి హాస్టల్లో పొక్కులు కనబడిన రోజు పిల్లలనే కాదు, వంట చేసే అక్కలను, కొత్తగా వచ్చిన టీచరమ్మను కూడా "మీకు వచ్చిందా?" అని అడగాలి.

ఆ ప్రశ్నకు చేతులెత్తిన పిల్లలను ఇంకో నాలుగు మాటలు అడగడం మంచిది. అప్పుడు నీ వయసెంత? పొక్కులు వీపు మీద ఎక్కువా, చేతుల మీదా? నీళ్లు నిండాయా? మీ ఇంట్లో ఇంకెవరికి వచ్చింది? మచ్చలు మిగిలాయా? జవాబు తడబడితే వాడిని రానివాళ్ల వరుసలోనే నిలబెట్టాలి. పొక్కులు కనబడక ముందే ఒకటి రెండు రోజుల నుంచి జబ్బు అంటుతుంది గనుక, వేరు గదిలో పెట్టేటప్పటికే పక్క మంచాల పిల్లలకు సోకి ఉండవచ్చు. సోకిన వాళ్లకు 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది. అందుకే మొదటివాడు కోలుకున్నాడని ఊపిరి పీల్చుకున్నాక, రెండు వారాలకు రెండో విడత లేస్తుంది. అన్ని పొక్కులూ మాడి చెక్కు కట్టేదాకా ఆ పిల్లవాడిని వేరుగా ఉంచాలి. ఇంటికి పంపేస్తే, గూడెంలో గర్భిణులకూ పసివాళ్లకూ మోసుకెళ్తాడు. జ్వరానికి ఆస్పిరిన్ బిళ్ల ఇవ్వకూడదు. ఊపిరి ఎగపోసినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

వచ్చిపోయిన వాళ్ల పేర్లు, తేదీ, ఏఎన్ఎం చూసిందా లేదా అన్నది హాస్టల్ ఆరోగ్య రిజిస్టరులో ఒక వరుస రాసి పెడితే, మరుసటి ఏడు చేతులెత్తించే పని ఉండదు.